పూర్ణఘటం ఇచ్చిన చేతులు



పర్యాటకం మీద రాయమని కొందరు విద్యార్థులు చాలా రోజులుగా అడుగుతున్నారు. "అన్నా, ఎకో టూరిజం మనవాళ్ళకు మంచిదా, చెడ్డదా?" అన్నది వాళ్ళ ప్రశ్న. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదు. అందుకే ఈ వారం ఇదే రాస్తున్నాను.

ముందు ఒక పాత ప్రయాణం. 1934లో బాబాసాహెబ్ అంబేద్కర్ తన సహచరులతో కలిసి వేరూళ్ బౌద్ధ గుహలు చూడటానికి బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట చూడాలనుకున్నారు. ఒళ్ళంతా దుమ్ము. కోట వాకిట్లో ఉన్న నీళ్ళతో ముఖాలూ కాళ్ళూ కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్ళు నీళ్ళను మైలపరిచారని గొడవ లేచింది. చివరికి లోపలికి వెళ్ళనిచ్చారు గానీ, వాళ్ళు ఎక్కడా నీళ్ళు ముట్టకుండా కాపలాకు ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. అప్పటికే ఆయన బారిస్టరు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి. ఐనా ఒక కోట చూడటానికి వెళ్తే తుపాకీ నీడలో చూడాల్సి వచ్చింది.

కాబట్టి వారసత్వం, పర్యాటకం అనే మాటలు వినగానే నాకు వచ్చే మొదటి ప్రశ్న అందానికి సంబంధించింది కాదు. ఎవరు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు? ఎవరి కథ చెబుతున్నారు?

నిరుడు కొంతమంది విద్యార్థులతో అమరావతి వెళ్ళాను. మహాచైత్యం దగ్గర ఒకాయన చాలా బాగా వివరించాడు. శాతవాహనులు, శిల్పుల పనితనం, పాలనాటి సున్నపురాయి, అన్నీ చెప్పాడు. అంతా విన్నాక నేను అడిగాను, "విధికుడి గురించి చెప్పరా?" అని. ఆయనకు ఆ పేరు తెలియదు. తప్పు ఆయనది కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మిత్రులారా, విధికుడు చర్మకారుడు. శాసనంలో ఉన్న ప్రాకృత మాట "చమ్మకార". నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. దాదాపు 2 వేల ఏళ్ళ కిందట కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని ఆ చైత్యానికి దానం చేశాడు. తోలు పని చేసే మనిషి తన పేరునూ, పనినీ, తండ్రి పేరునూ దాచుకోకుండా రాతి మీద చెక్కించుకున్నాడు. ఈనాటి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో కనిపించేది ఆ పూర్ణఘటమే. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా ఒక తోలు పనివాడి కానుక ఉంది. ఆ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆనాటి చర్మకారుడూ ఈనాటి మాదిగా ఒకటేనని నేను అనడం లేదు. మధ్యలో 2 వేల ఏళ్ళున్నాయి. కానీ ఆ పని మా ఇంటి పని. మా తాత ఊరికంతటికీ చెప్పులు కుట్టాడు, మోటకు తోలు బొక్కెనలు కుట్టాడు. ఊళ్ళో పొలాలన్నీ ఆ బొక్కెనల నీళ్ళతోనే తడిశాయి. ఏ రాతి మీదా ఆయన పేరు లేదు. విధికుడి పేరు చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చింది అందుకే.

ఇప్పుడు పరిరక్షణ సంగతికి వద్దాం. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి వచ్చేనాటికి ఆ దిబ్బను తవ్వి రాళ్ళు పట్టుకెళ్తున్నారు. కొన్ని గోడల్లోకి వెళ్ళాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. తర్వాత దొరలు తవ్వించినవాటిలో చాలా లండన్ చేరాయి, మిగిలినవాటిలో ఎక్కువ చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అంత గొప్ప చైత్యం సున్నం ఎందుకైంది? చుట్టూ ఉన్న జనానికీ దానికీ మధ్య బంధం తెగిపోయింది కాబట్టి. "ఇది మనది" అనుకునేవాళ్ళు లేని చోట శిల్పం కూడా ఉత్త రాయే. కంచె, టికెట్టు, కాపలాదారు అవసరమే. కానీ ఆ బంధం లేకుండా అవి ఎంతోకాలం నిలబడవు.

అడవి విషయంలోనూ ఇదే నిజం. అమరావతి నుంచి కృష్ణకు ఎదురు వెళ్తే నల్లమల వస్తుంది. నది రెండు ఒడ్డులా పులుల అభయారణ్యమే. పులి కంటే ముందు మనం తలుచుకోవాల్సింది చెంచుల్ని. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, తేనెపట్టు నుంచి ఎంత తీసి ఎంత వదలాలో వాళ్ళకు తెలుసు. యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు అడ్డం నిలబడినవాళ్ళలో చెంచుపెంటల జనం ఉన్నారు. ఆ ఉద్యమ ఫలితంగానే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవిని కాపాడింది సఫారీ జీపు కాదు, అక్కడ బతికే జనం.

అలాగని సఫారీ వద్దని కాదు. పులుల అభయారణ్యం కీలక ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని 2012 నాటి జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. స్థానికులకు ఉపాధి, ఆదాయంలో భాగం ఉండాలనీ చెప్పాయి. నల్లమలలో బైర్లూటి లాంటి చోట్ల అటవీశాఖ క్యాంపుల్లో చెంచులు పనిచేస్తున్నారు. మంచిదే. నా ప్రశ్న ఒక్కటే. చెంచు యువకుడు అక్కడ ఎప్పటికీ వంటవాడుగా, దారి చూపేవాడుగా ఉండిపోవాలా? లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? రోజుకు ఎన్ని బండ్లు అడవిలోకి రావాలో తేల్చేటప్పుడు పెంట పెద్దల మాట ఎవరైనా అడుగుతారా? 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే హక్కును గ్రామసభకే ఇచ్చింది. ఆ చట్టాన్ని పక్కన పెట్టి పర్యాటక బోర్డు పాతితే, పచ్చరంగు బోర్డు కూడా ఆక్రమణే.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా బాబాయి కొడుకు డప్పు కొడతాడు. నది ఒడ్డున ఒక రిసార్టులో అతిథులకు స్వాగతం పలకడానికి వాణ్ణీ, ఇంకో నలుగురినీ పిలిచారు. బోర్డు మీద "మన జానపద సంపద" అని రాశారు. డప్పు ఎవరిదో రాయలేదు. అతిథులు వీళ్ళతో ఫోటోలు దిగారు. ఆట అయ్యాక అన్నం మాత్రం వెనక గేటు దగ్గర పొట్లాల్లో ఇచ్చారు. మా తమ్ముడు ఆ పొట్లం విప్పలేదు. "అన్నా, డప్పు ముందు గేటు నుంచి పోయింది, నేను వెనక గేటు నుంచి వచ్చా" అన్నాడు. ఈ మాట చదివి ఊరుకోకండి, దాచుకోండి. సంస్కృతిని కాపాడటం అంటే డప్పును గోడకు తగిలించడం కాదు. కొట్టినవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టడం.

అదే రిసార్టులో గదులు తుడిచేది, ఒడ్డున పడ్డ ప్లాస్టిక్ సీసాలు ఏరేది మన అక్కలే, కాంట్రాక్టరు కింద. నదిని రోజూ శుభ్రం చేసేవాళ్ళను పర్యావరణ పరిరక్షకులని ఎవరూ పిలవరు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా జవాబు ఇది. పర్యాటకం రావాలి. నిలబడేలా రావాలి. అయితే ఏ "సుస్థిర పర్యాటకం" బోర్డు కనబడినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ భూమి ఎవరి చేతిలోంచి వచ్చింది? టికెట్టు డబ్బులో ఊరికి ఎంత పోతోంది, ఆ లెక్క గ్రామసభ ముందు పెడుతున్నారా? ఇక్కడి కథలో శ్రమ చేసినవాళ్ళ పేరు ఉందా? పనిచేసేవాళ్ళు ఏ గేటు నుంచి వస్తున్నారు, ఎక్కడ తింటున్నారు? జవాబులు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల పని.

ఇంకో పని కూడా ఉంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఊరి దగ్గర బౌద్ధ దిబ్బో, పాత కోటో, చెరువో ఉంటే మన వాడల పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. కట్టిన చేతుల గురించి చెప్పండి. ఆ పిల్లల్లోంచే రేపటి గైడ్లు రావాలి, పురావస్తు శాస్త్రవేత్తలు రావాలి. అమరావతి వెళ్తే విధికుడి పేరు గట్టిగా పలకండి. పక్కన నిలబడ్డ టూరిస్టులు కూడా వింటారు.

జై భీమ్.