రెండు ఆసులు... పదిమంది ఆశలు!

చేతికొచ్చినవి రెండే ముక్కలు. రెండూ ఆసులే! ఇంకేం... డబ్బంతా మనదే అనుకుంటాం. కానీ లాస్ ఏంజెలిస్ పేక క్లబ్బుల్లో చిన్న పందేల టేబుల్ దగ్గర కూర్చునే పాతకాపులు అంత తొందరపడరు. అక్కడ ఆసుల జంట కూడా తరచూ ఓడిపోతుంది. అయినా అది పడిన ప్రతిసారీ పందెం పెంచాల్సిందే అంటారు. ఆ తిరకాసేంటో తెలియాలంటే గార్డెనా దాకా వెళ్లాలి!

హాలీవుడ్, డిస్నీల్యాండ్, సముద్రతీరాలు... లాస్ ఏంజెలిస్ అంటే పర్యటకులకు గుర్తొచ్చేవి ఇవే. ఆ మహానగరానికి దక్షిణాన, విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉన్న గార్డెనా పేరు చాలామంది వినే ఉండరు. చూడ్డానికి మామూలు ఊరే. కానీ ఒకప్పుడు అమెరికాలో పేకాటరాయుళ్లందరికీ తెలిసిన ఊరు.

ముక్కలు మార్చుకుంటూ ఆడే డ్రా పోకర్‌ను క్యాలిఫోర్నియా చట్టం నిషేధించలేదు. క్లబ్బుల్ని అనుమతించాలా వద్దా అన్నది ఆయా ఊళ్ల ఇష్టం. 1936లో ఎర్నెస్ట్ ప్రిమ్ అనే వ్యాపారి గార్డెనాలో క్లబ్బు తెరిచాడు. తర్వాత ఒకటొకటిగా వాటి సంఖ్య ఆరుకు చేరింది. లాస్ వెగాస్‌కీ వీటికీ పెద్ద తేడా ఉంది. ఇక్కడ క్లబ్బు పందెం కాయదు. ఆటగాళ్లే ఒకరితో ఒకరు ఆడుకోవాలి. కుర్చీకి అరగంటకింత చొప్పున అద్దె మాత్రం క్లబ్బుకి కట్టాలి. ఆ క్లబ్బుల మీద వచ్చే రుసుములే ఊరికి పెద్ద ఆదాయం.

టెక్సాస్ నుంచి వచ్చిన ఆట

ఇప్పుడు అందరూ ఆడే హోల్డెమ్ పుట్టింది టెక్సాస్‌లో. రాబ్స్‌టౌన్ అనే ఊరే దాని జన్మస్థలమని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో గుర్తించింది. 1967లో లాస్ వెగాస్ చేరిన ఈ ఆట, క్యాలిఫోర్నియా క్లబ్బుల్లోకి మాత్రం 1980ల చివర్లోగానీ అడుగుపెట్టలేదు. ఆట చాలా తేలిక. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు. టేబుల్ మధ్యలో అందరికీ కలిపి ముందు మూడు, తర్వాత ఒకటి, చివరగా ఇంకొకటి తెరుస్తారు. మొత్తం ఏడింటిలోంచి మేలైన అయిదు ముక్కలు ఎవరికి కుదిరితే వాళ్లదే గెలుపు.

లిమిట్ ఆటలో పందెం ఎంతన్నది ముందే ఖరారు. 3-6 డాలర్ల టేబుల్ అంటే మొదటి రెండు విడతల్లో మూడేసి డాలర్లు, చివరి రెండింటిలో ఆరేసి. మన మూడుముక్కలాటలోలాగా ఎడాపెడా పెంచేసి ఎదుటివాళ్లని బెదరగొట్టడం కుదరదు. అందుకే పనికిమాలిన ముక్కలున్నవాళ్లు కూడా ‘ఇంకో మూడు డాలర్లేగా’ అంటూ చివరిదాకా ఉండిపోతారు. అసలు చిక్కంతా అక్కడే!

ఏడింట ఓడినా లాభమే

రెండు ముక్కల జతలు మొత్తం 1,326. వాటిలో ఆసుల జంటలు ఆరే. అంటే 221 ఆటలకోసారి పడతాయి. గంటకు ముప్ఫై ఆటలు జరిగితే, ఏడు గంటలు కూర్చుంటేగానీ ఆ రెండు ముక్కలూ కనపడవన్నమాట. 1976లో హోల్డెమ్ మీద పుస్తకం రాసిన డేవిడ్ స్క్లాన్‌స్కీ ముక్కల్ని తరగతులుగా విడదీశాడు. ఆసులు, రాజులు, రాణులు, జాకీల జంటలు, ఒకే గుర్తు ఉన్న ఆసు-రాజు... ఇవే మొదటి తరగతి. ఇవన్నీ కలిపినా గంటన్నరకోసారే వస్తాయి. మిగతా సమయమంతా ఓపిగ్గా ముక్కలు దించేస్తూ కూర్చోవాలి.

అంతసేపు ఎదురుచూశాక వచ్చిన ఆసులు ఒక్కరితో పోటీపడితే నూటికి 85సార్లు గెలుస్తాయి. అదే తొమ్మిదిమందీ ఎలాంటి ముక్కలతోనైనా చివరిదాకా ఉంటే 31సార్లే. మిగతా 69సార్లూ ఎవడో రెండు, ఏడు పట్టుకుని డబ్బు లాక్కుపోతాడు. మరి పెంచడం దండగే కదా?

కాదు. లెక్క చూడండి. మీరు ఆరు డాలర్లు పెట్టారు. మరో అయిదుగురు తలా ఆరు వేశారు. మధ్యలో 36 డాలర్లు పోగయ్యాయి. అయిదుగురి మీద ఆసులు గెలిచేది దాదాపు సగంసార్లు. అంటే సగటున మీ ఆరు డాలర్ల విలువ పద్దెనిమిది! గెలుపులు తగ్గాయి, గెలిచినప్పుడు వచ్చే డబ్బు పెరిగింది. అందుకే మంచి ముక్కలు పడగానే పెంచేయమంటారు అనుభవజ్ఞులు.

ఎదుటివాడూ అమాయకుడు కాదు

ఇంకో సంగతి. ఆఖరి ముక్క మీద ఆశతో ఉన్నవాణ్ని చూసి మూర్ఖుడనుకుంటాం. నాలుగు ఇస్పేట్లున్నవాడికి అయిదోది పడే అవకాశం అయిదింట ఒకటి. మధ్యలో 54 డాలర్లున్నప్పుడు అతను వేయాల్సింది ఆరే. ఆ ధరకి ఉండిపోవడమే తెలివి. అయిదింట నాలుగుసార్లు ఆ ఆరు డాలర్లూ మీవే కాబట్టి మీ పందెమూ తప్పు కాదు. ఇద్దరూ సరిగ్గానే ఆడారు, ముక్క అటు పడిందంతే!

పెంచడం ఎంత అవసరమో, వదిలేయడమూ అంతే. రాజుల జంట ఉన్నప్పుడు మొదటి మూడు ముక్కల్లో ఆసు తెరుచుకునే అవకాశం నూటికి 22కి పైనే. అయిదారుగురు ఉన్న ఆటలో ఇద్దరు పోటీలుపడి పెంచుతుంటే, మన రమ్మీలోలాగే డ్రాప్ అయిపోవాలి. ‘ఇంత మంచి ముక్కలా!’ అని పట్టుకుని వేలాడితే, గంటలకొద్దీ కూడబెట్టినదంతా ఒక్క ఆటలో పోతుంది. ఆసులు ఓడాయన్న కోపంతో తర్వాతి ఆటలన్నీ ఆడేసేవాళ్లదీ అదే గతి.

ఆరు క్లబ్బుల కాలం ముగిసింది. 1980లలో చుట్టుపక్కల కామర్స్, బెల్ గార్డెన్స్ వంటి ఊళ్లలో పెద్ద క్లబ్బులు వెలిశాయి. గార్డెనాలో పాత ఎల్డొరాడో క్లబ్బున్న చోట 2000లో హస్లర్ క్యాసినో వచ్చింది. 2003 తర్వాత హద్దుల్లేని పందేల మోజు పెరిగి లిమిట్ టేబుళ్లు తగ్గిపోయాయి. ఒకటి మాత్రం మారలేదు. కుర్చీ అద్దె పోయి, ఇప్పుడు ఆట ఆటకీ కొన్ని డాలర్లు క్లబ్బు పెట్టెలో పడతాయి. చిన్న పందేల్లో ఆ కోత పెద్ద భారం. ఒకరికొకరు సమానంగా ఆడే పదిమంది కూర్చుంటే, చివరికి పదిమందీ ఎంతోకొంత పోగొట్టుకునే లేస్తారు.

నైపుణ్యమా, అదృష్టమా అన్న చర్చ మనకీ కొత్త కాదు. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని సుప్రీంకోర్టు 1960ల చివర్లో తేల్చింది. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేల్ని నిషేధించాయి. రెండు వాదనల్లోనూ నిజముంది. ఏళ్ల తరబడి ఆడితే నైపుణ్యం తేలుతుంది. కానీ, నెలజీతంతో వచ్చినవాడి చేతిలో ఉండేది ఆ ఒక్క సాయంత్రమే. ఆ సాయంత్రం ఆసులు ఓడిపోవచ్చు. లెక్క సరైనదేనన్న ఓదార్పు జేబు నింపదు మరి!