అరవై మాత్రలు, డెబ్బై పూటలు

నెలకు ఎన్ని రోజులంటే చిన్నప్పుడు పిడికిలి బిగించి, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి 30, 31 అని చెప్పేవాళ్లం. మందుల చీటీని అడిగినా 30 అనే చెబుతుంది. కానీ ఆ చీటీ రాసే డాక్టరు మళ్లీ కనబడేది మాత్రం 28 రోజులకో, 35 రోజులకో. నెల్లూరులో పొగతోట వైపు వెళ్తే బోర్డులు చూడండి: ప్రతి నెలా రెండో ఆదివారం చెన్నై నుంచి ఫలానా స్పెషలిస్టు రాక.

రెండో ఆదివారం నుంచి పై నెల రెండో ఆదివారానికి మధ్య పూర్తి వారాలే ఉంటాయి. నాలుగు వారాలైతే 28, ఐదైతే 35. 30 ఎప్పటికీ రాదు. 2025 క్యాలెండర్ తీయండి. మార్చి 9 నుంచి ఏప్రిల్ 13, జూన్ 8 నుంచి జులై 13, ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 14, నవంబరు 9 నుంచి డిసెంబరు 14. నాలుగు సార్లు 35 రోజులు. చీటీ మీద మాత్రం ప్రతిసారీ 30 రోజులకే మందు.

28 రోజుల నెలల్లో మిగిలేవి అప్పుడు పనికొస్తాయి కదా అంటారేమో. కాగితం మీద నిజమే. కానీ ఇంట్లో ఎనిమిది మాత్రలు మిగిలి ఉంటే ఆ ఎనిమిదీ తగ్గించి కొనే ఇళ్లు మావి. షాపువాళ్లు కూడా అట్టను కత్తిరించి, అడిగినన్నే ఇస్తారు.

మాది విడవలూరు మండలంలో సముద్రం పక్కన ఒక పాలెం. 2019లో మా నాయనకు వేటలో ఉండగానే, వల లాగుతూ లాగుతూ ఫిట్స్ వచ్చింది. పక్కవాళ్లు పట్టుకున్నారు కాబట్టి పడవలోనే పడ్డాడు. చెన్నైలో చూపిస్తే సోడియం వాల్‌ప్రోయేట్ రాశారు, పొద్దునొకటి రాత్రొకటి. ఆ డాక్టరే నెలకోసారి నెల్లూరు వస్తాడు. ఆయన హస్తవాసి మంచిదని మా నాయనకు గట్టి నమ్మకం, ఇంకో డాక్టరు దగ్గరకు పోనంటాడు. వేట మానేశాడు, ఒడ్డున చిరిగిన వలలు బాగుచేస్తాడు. ఆరేళ్లు మళ్లీ ఫిట్స్ రాలేదు.

2025 జూన్ 8 వేట నిషేధంలో పడింది. మన తీరంలో మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఉండదు. వేటకు పోయే మత్స్యకారులకు ఆ ఏడాది ప్రభుత్వం 20,000 రూపాయల భృతి ఇచ్చింది. నాయన వేటకు పోడు కాబట్టి మాకు అది లేదు. పడవలు తిరగకపోతే వలలు చిరగవు, చిరగకపోతే ఆయనకు పని లేదు. చేతిలో డబ్బు ఆడని ఆ రోజుల్లో, ఇంట్లో ఉన్నవీ కొన్నవీ కలిపి సరిగ్గా 60 మాత్రలు చేసుకున్నాడు. జులై 13 దాకా 70 పూటలు.

జులై మొదట్లో అట్టలు చూసుకుని మా ఊరికి దగ్గరున్న షాపుల్లో అడిగాడు. ఆ కంపెనీ మందు లేదన్నారు. ఫిట్స్ మందు కంపెనీ మార్చాలంటే తనను అడగమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. కోవూరు మీదుగా నెల్లూరు పోయి ఇంకో షాపులో అడిగితే, "ఇది 30 రోజులకు రాసింది, ఒకసారి ఇచ్చేశారు, కొత్త చీటీ తెండి" అన్నారు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోయాయి. ఇంటికొచ్చి నాయన తన లెక్క తాను వేసుకున్నాడు. నాలుగో తేదీకి 10 మాత్రలున్నాయి. రాత్రి పూట ఒక్కటే వేసుకుంటే పదమూడో తేదీకి సరిపోతాయి.

లెక్క సరిగ్గానే ఉంది. పదో తేదీ సాయంత్రం వల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అంతా పోగై ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టబోతే, మా అమ్మ వాళ్లను జరిపి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. రెండు నిమిషాల్లో తగ్గింది. ఫిట్స్ మందు ఉన్నట్టుండి తగ్గించినా, ఆపినా ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మాకు అంతవరకు రాలేదు. తర్వాత నేను ఫోన్ చేస్తే నాయన అన్న మాట: "మానలేదబ్బయా, రోజుకొకటి ఏసుకుంటానే ఉండా."

షాపతని మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే రూల్ ఏముందో వెతికాను. డ్రగ్స్ రూల్స్, 1945లో 65వ నియమం. చీటీ మీదే అమ్మాల్సిన మందులను ఒక చీటీకి ఒక్కసారే ఇవ్వాలి. అంటే అతను అన్నది రూలే. అయితే అదే వాక్యంలో ఒక మినహాయింపు ఉంది: ఒకసారికి మించి ఇవ్వొచ్చని డాక్టరు చీటీ మీద రాస్తే, ఆయన రాసినన్ని సార్లు, రాసినంత ఎడంతో ఇవ్వొచ్చు. ఇంగ్లండులో నిలకడగా ఉన్న రోగులకు ఏడాది దాకా ఇలా రిపీట్ రాసే పద్ధతి నడుస్తోంది. మన రూలులోనూ చోటుంది, రాయమని అడగడమే మనకు అలవాటు లేదు.

జులై 13న నేనూ వెళ్లాను. క్యాలెండర్లో ఆ నాలుగు 35లకు సున్నాలు చుట్టి డాక్టరు ముందు పెట్టాను. ఆయన చూసి నవ్వాడు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదయ్యా" అని, 35 రోజులకు మార్చి, కింద ఇంకోసారి ఇవ్వొచ్చని ఒక లైను రాసి, సంతకం, తేదీ వేశాడు. నిమిషం కూడా పట్టలేదు. రాలేకపోతే ఫోన్ చేయమన్నాడు. అదీ కొత్తేం కాదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. పాత రోగికి వాడుతున్న మందునే ఫోన్లో చూసి మళ్లీ రాయడానికి వాటిలో వీలుంది. లాక్‌డౌన్లో మాకు చీటీ వాట్సాప్‌లోనే వచ్చేది. బస్సులు తిరగడం మొదలయ్యాక అందరం ఆ సంగతే మర్చిపోయాం.

ఇప్పుడు ఇంట్లో వారం మందు అదనంగా ఉంటుంది. కొత్త అట్ట వచ్చినప్పుడు అది అడుగున, పాతది పైన. నవంబరు, డిసెంబరుల్లో మన తీరానికి ఇది ఎక్కువ జాగ్రత్తేం కాదు. 2021 నవంబరు 20న పెన్న పొంగి నెల్లూరు, కోవూరు మధ్య హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. మేం అంతకు ఆరు రోజుల ముందు, రెండో ఆదివారం నాడే మందు తెచ్చుకుని ఉన్నాం. అంతకుముందు గడిచింది 35 రోజుల నెల. వరద ఒక వారం ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

మనలో చాలామందిమి హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసి "మందులు వేసుకున్నావా?" అని అడుగుతాం. అవతల నుంచి "ఆ, వేసుకున్నా" అని వస్తుంది. బీపీ, షుగరు, థైరాయిడ్, ఏదైనా అంతే. అది అబద్ధం కాకపోవచ్చు, నాయన చెప్పింది కూడా అబద్ధం కాదు. ఈసారి ఇంకో ప్రశ్న అడగండి: "ఇంకా ఎన్ని ఉన్నాయి? డాక్టరు దగ్గరకు వెళ్లేది ఏ తేదీన?" రెండూ తెలిస్తే మిగతాది తీసివేతే.

నిన్న రాత్రి నేనడక్కముందే నాయన చెప్పాడు: "ముప్పై రెండుండాయి, పదకొండు దినాలకి ఇరవై రెండు పోను పది మిగులు. ఇంక నువ్వు సదువుకో పో."