చెప్పేశాం కదా!

స్లాకునీ జిరానీ కలపడం పెద్ద విద్యేం కాదు. ఛానల్లో జిరా యాప్ చేర్చి, ప్రాజెక్టు ఏదో చెప్తే చాలు. ఇక టిక్కెట్టు పుట్టినా, చేతులు మారినా, ఎవరన్నా కామెంటు రాసినా ఛానల్లో టింగుమంటుంది. 'అందరికీ అన్నీ తెలిసిపోతాయి' అని మేనేజర్లు మురిసిపోతుంటారు. నాకు మాత్రం, అందరికీ అన్నీ చెప్పడమంటే ఎవరికీ ఏమీ చెప్పకపోవడమే అనిపిస్తుంది.

మా టీములో జరిగిందే చూడండి. కిందటేడు ఓ శుక్రవారం సాయంత్రం, పేమెంట్లు ఆగిపోయాయని ఒక టిక్కెట్టు ఛానల్లో పడింది. దాని వెనకే పనికిరాని స్టేటస్ మార్పులు వరసగా వచ్చి దాన్ని పైకి తోసేశాయి. ఆ వారం డ్యూటీలో ఉన్న కుర్రాడు చూసేసరికి రెండు గంటలు దాటింది. సోమవారం మీటింగులో అందరిదీ ఒకటే మాట: "ఛానల్లో వచ్చింది కదా, చూసుకోవద్దూ?" ఛానల్లో రావడం, మనిషికి చేరడం ఒకటేనా? ఆ దెబ్బకి అతని రేటింగు తగ్గింది.

నేను మా ఊరు కీసర నుంచే పని చేస్తుంటాను. ఇక్కడ హైదరాబాదు-విజయవాడ హైవే మీదున్న టోల్‌గేటుకి మాకంటే బుద్ధి ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు కదా. గేటు దగ్గర రీడరు టాగుని చదువుతుంది, ఆ కబురు బ్యాంకుకి వెళ్తుంది, డబ్బులు కట్ అవుతాయి, మెసేజి వస్తుంది. ఎవరికి? ఆ బండి ఓనరుకి. వెనక వరసలో ఉన్న లారీవాళ్ళందరికీ మోగదు!

జిరాలోనూ ఇది కుదురుతుంది. ప్రయారిటీ 'హైయెస్ట్' అయితేనే, టిక్కెట్టు ఎవరి పేరున ఉందో వాళ్ళకే చెప్పమని ఆటోమేషన్ రూలు రాసుకోవచ్చు. మిగతావి జిరాలోనే ఉంటాయి, కావలసినవాళ్ళు వెళ్ళి చూసుకుంటారు. అటు నుంచి ఇటు కూడా అంతే. ఛాటులో ఏదైనా నిర్ణయం జరిగితే అది టిక్కెట్టులోకి ఎక్కాలి. స్లాక్ ఉచిత ప్లానులో 2022 సెప్టెంబరు నుంచి 90 రోజులు దాటిన మాటలు కనపడవు. ఎవరు ఏమన్నారో రేపు వెతుక్కుంటే దొరకదు, నింద మాత్రం మిగులుతుంది.

మా దగ్గర రూలు మార్చడానికి ఒక పూట పట్టింది. కుర్రాడి రేటింగు సంగతేమిటని అడిగితే మాత్రం, "ప్రాసెస్ ఒప్పుకోదు" అన్నారు. దానికి ఏ యాప్ కలపాలో మరి!