కిటికీ

మా అమ్మ నన్ను ఏనాడూ "తినరా" అని బతిమిలాడలేదు. "నడువు" అని గదమాయించలేదు. ఆమె తిన్నది నేను తిన్న. ఆమె ముందు నడిచింది, వెనక నేను నడిచిన.

మాది ములకలపల్లి అడవి అంచున మాదిగగూడెం. అప్పుడది ఖమ్మం జిల్లా, 2016 నించి భద్రాద్రి కొత్తగూడెం. ఎండాకాలం తునికాకుకు కోడికూతకే లేచేటోళ్లం. నాకు ఏడేండ్లు. సొరకాయ బుర్రల జొన్న అంబలి, అమ్మ కొంగున ఉల్లిగడ్డ. పొద్దు నెత్తిమీదికొచ్చేదాక కోసుడు, ఇంటికొచ్చి కట్టలు కట్టుడు, కట్టకు 50 ఆకులు, మళ్ల కల్లం దాక మోసుడు. నా చేతికందే కొమ్మలు నావి. నడుమ దొరికితే తునికిపండ్లు. ఇప్పుడు పట్నపోళ్లు దీన్నే వ్యాయామం, చిరుధాన్యం అంటున్నరు. మాకది కూలి. కాళ్లు బొబ్బలెక్కేవి. కడుపు నిండకనే పండుకున్న రాత్రులున్నయ్. ఆ బతుకు మంచిదని నేను రాస్తలేను.

1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినయ్. అంతకుముందు మా ఇంట్ల తెల్లబువ్వ పండగనాడే. మొదటిరోజు అమ్మ గంజి వార్చి, కుండమూత తీసి చానాసేపు చూసింది. తర్వాత జొన్నగటక మా పొయ్యిమీద తగ్గిపాయె. దానికి ఎవరమూ దిగులుపడలే.

హాస్టల్ల చేరినంక అమ్మ డబ్బాల తునకలు పంపేది, ఎండబెట్టిన పెద్దకూర. బడిల ఒక పిలగాడు ఏందవి అనడిగితే చిక్కుడు వరుగులన్న. ఆ రాత్రి బావి వెనక పారబోసిన. దండెంమీద వాటిని ఎండేసి, కాకుల తోలుకుంట అమ్మ ఎన్ని దినాలు కూసున్నదో నాకెరుకే.

ఉద్యోగమొచ్చి ఖమ్మంల కిరాయికి దిగినం. ఇల్లుగలాయన "మీరేమిటోళ్లు?" అన్నడు. ఏం చెప్పిన్నో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. కొడుకు ఆటోల బడికి పొయ్యేది, ఆటోల వచ్చేది. నేను ఆఫీసు నించి మిక్చరు, పఫ్‌లు తెచ్చేటోణ్ణి. టీవీ ముందల ఇద్దరం కూసొని తినేది. ఆరేండ్లకే వానికి మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు నా పొట్ట దిక్కు చూసి "ముందు మీరు నడవండి" అన్నడు.

2012 ఎండాకాలం అమ్మ వచ్చింది, తునకలు పట్టుకొని. మూకుట్ల వేసిందో లేదో, వాసన లేచింది. వాడు ఉరికి పోయి వంటింటి కిటికీ మూసిండు.

"ఎందుకు మూసినవ్ బిడ్డా?"

"నాన మూస్తడు గదా నానమ్మా."

నేనెన్నడూ వానికి మూయమని చెప్పలేదు. చూసి నేర్చుకున్నడు. అమ్మ నా మొఖం దిక్కు చూడలే, తునకలు తిప్పుకుంట నిలబడ్డది. నేను పోయి రెక్క తెరిచిన. చేతులు వణికినయ్, దాచేదేముంది.

సాయంత్రం ముగ్గురం లకారం చెరువు కట్టమీదికి పోయినం. రెండు ఫర్లాంగులు నడవకముందే కాళ్లు గుంజుతున్నయని వాడు ఏడ్చిండు. ఎత్తుకున్న.

వెనకనించి అమ్మ: "దించురా. నేను నిన్నెత్తుకొని తిరిగిన్నా?"

దించిన. వాడు ఆమె కొంగు పట్టుకున్నడు. ఆమె ఆగలే, ఎప్పటి లెక్కనే నడుస్తున్నది.