మత్స్యగుండంలో గాలం వెయ్యరాదు

పేరులోనే చేపను దాచుకున్న ఏరు ఒకటి మన విశాఖ మన్యంలో వుంది. మాడుగుల కొండల్లో పుట్టి, ఉత్తరంగా నడిచి, ఒడిశా సరిహద్దు పట్టుకుని జలాపుట్ జలాశయం నింపి, డుడుమ దగ్గర లోయలోకి దూకుతుంది. దాని పేరు మాచ్‌ఖండ్. మత్స్యకుండమన్న మాటే జనం నోట నలిగి నలిగి ఇలాగయింది. కిందికి పోయేసరికి సీలేరని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, చివరికి గోదావరిలో పడుతుంది. రాజమండ్రిలో పుష్కర స్నానం చేసేవారి నెత్తిమీద పడే నీళ్ళలో ఈ చేపలేటి చుక్కలు కూడా వుంటాయన్నమాట!

ఈ దసరా సెలవుల్లో ఆ ఏటిని చూసి వద్దామని బయలుదేరేము. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, కాలిఫోర్నియానించి సెలవుమీద వచ్చిన మా బావమరిది. మా సామానులో పులిహోర, ఆవకాయ, దుప్పట్లు వుంటే అతని పెట్టెనిండా చేపలున్నాయి. బతికినవీ కావు, చచ్చినవీ కావు, కర్రవీ రబ్బరువీను.

విశాఖపట్నంలో పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం లోపల అరకు చేరవచ్చు. బైలదిల్లా ఇనుపరాయిని జపాను పంపడంకోసం 1960లలో వేసిన దారి ఇది. కొత్తవలసనించి కిరండోల్ దాకా 58 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వెయ్యడం, వెలుగు రాగానే వెనక్కి తిరిగి లోయ చూడడం. ఆ చీకటి వెలుగుల మధ్యనే మా బావమరిది పెట్టె తెరిచేడు.

అందులోంచి జానెడు పైగా పొడుగున్న కర్రచేప ఒకటి తీశాడు. ఒళ్ళంతా మూడు ముక్కలు, మధ్య బందులు. తోక రబ్బరుది. కడుపు కింద రెండు చోట్ల మూడేసి ముళ్ళ గాలాలు. చేత్తో వూపితే సాక్షాత్తూ ఈదుతున్నట్టే మెలికలు తిరుగుతుంది. దీన్ని అక్కడ స్విమ్‌బెయిట్ అంటారట.

మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ''ఒరే తమ్ముడూ, మన వీధిలోకి వచ్చే చేపలకన్నా ఇదే పెద్దదిగా వుందిరా. వేరే చేపెందుకు, దీన్నే పులుసు పెట్టుకోరాదూ?'' అంది.

''అక్కా, అదే కిటుకు. చిన్న ఎరకి చిన్న చేపలు కూడా వస్తాయి. ఇంత ఎరను మింగగలనన్న ధైర్యం పెద్ద చేపకే వుంటుంది. రోజంతా విసిరితే ఒక్కటి పడవచ్చు, పడకపోవచ్చు. పడితే మాత్రం అదే!'' అన్నాడు.

అతను చెప్పిన కథ పాఠకులకు కూడా చెప్పవలసిందే. అమెరికా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అని ఒక చేప వుంది. పేరుకు తగినట్టు దాని నోరు కంటి వెనకదాకా చీలి వుంటుంది. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే ఆయన 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టేడు. అంటే సుమారు 10 కిలోలు. ఆ తరువాత 1959లో ఫ్లోరిడా జాతి బాస్ పిల్లలను శాన్ డియేగో జలాశయాల్లో వదిలేరు. అక్కడి జలాశయాల్లోకి, గాలం సరదా వున్నవాళ్ళ కోసం ట్రౌట్ చేపలను తెచ్చి పోస్తూండేవారు. వదిలింది మనుషులకోసం, తిన్నది బాస్. ఇంటికి వచ్చిన విందు కదా, అవి తెగ బలిశాయి. అలాంటి దాన్ని వానపాముతో ఏం ఊరిస్తాం? అందుకని అక్కడివాళ్ళు ట్రౌట్ ఆకారంలోనే పెద్ద పెద్ద ఎరలు చెక్కడం మొదలుపెట్టేరు. మా బావమరిది చేతిలో వున్నది ఆ వంశానిదే.

అంతా చెప్పి, ''బావా, ఈ కొండల్లో చల్లదనం వుంది, జలాపుట్ లాంటి జలాశయం వుంది. ఆ బాస్ పిల్లలను నాలుగు తెచ్చి ఇక్కడ వదిలితే యెలా వుంటుందంటారు?'' అన్నాడు.

''ముందు ఇక్కడున్న చేపలను చూద్దాం పదవోయ్'' అన్నాను.

అరకులో ఒక రాత్రి వుండి మర్నాడు జీపు మాట్లాడుకుని పాడేరు దారి పట్టేము. వలిసె చేలు అక్కడక్కడా పసుపు పూస్తున్నాయి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయిని మావాడు ''చేపరాయి'' అనుకుని, ఏరు చాపలా పరుచుకున్న బండమీద చేపలకోసం వెతికేడు. అక్కడనించి హుకుంపేట మీదుగా మఠం అనే పల్లె చేరేము. మత్స్యగుండం అక్కడే.

చోటు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఏటికి అడ్డంగా బండరాళ్ళు గోడలా పడి వుంటాయి. నీరంతా ఒక బిలంలోకి దూకి మాయమై, బండల కిందనించి పారి, కొంత దూరాన మళ్ళీ పైకి వస్తుంది. వచ్చిన చోట మడుగు. 1907లో విశాఖపట్నం జిల్లా గెజెటీరు రాసిన ఫ్రాన్సిస్ దొర ఈ మడుగు మహసీరు చేపలతో నిండి వుందనీ, పెద్దవి మనిషి చేతిలో మేత తింటాయనీ, వీపు నిమిరినా వూరుకుంటాయనీ రాశాడు. ఆ మహసీరు సామాన్యమైన చేప కాదు. దవడల్లో పళ్ళుండవు, గొంతులో వుంటాయి. 1873లో హెచ్. ఎస్. థామస్ అనే మద్రాసు సివిలియను గాలపు వేటమీద రాసిన ''ది రాడ్ ఇన్ ఇండియా''లో దీనికే పెద్దపీట వేశాడు. 1946లో మైసూరు సీమలో వాన్ ఇంగెన్ అనే ఆయన గాలానికి 120 పౌన్ల మహసీరు పడింది. మా బావమరిది బాస్ దీని ముందర చంటిపిల్ల!

గట్టుమీద మత్స్యలింగేశ్వరుడి గుడి వుంది. శివరాత్రికి పెద్ద తీర్థం. చేపలకు మేత పెట్టడం కూడా ఆ పూజలో భాగమే. పూజ బగతలదని ఆ గెజెటీరులోనే వుంది. ఇందులో చిత్రమేమిటంటే, బగతలు మంచినీటి చేపలను బల్లెంతో పొడిచి పట్టడంలో ఆరితేరినవారనీ, దసరానాడు చేపల బుట్టలకు పూజ చేస్తారనీ పాత గ్రంథాల్లో వుంది. అంటే చేప పట్టడం బాగా తెలిసినవాళ్ళే ఇక్కడ చేపకు కాపలా అన్నమాట.

పిల్లలు మరమరాలు చల్లేరు. నీళ్ళు ఒక్కసారి ఉడికినట్టయింది. పెద్ద పెద్ద పొలుసులు తళతళమన్నాయి. దళసరి పెదవులు పైకి తేలేయి. మా బావమరిది ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. వేటగాడి చెయ్యి కదా, తనకు తెలియకుండానే భుజానికి తగిలించుకున్న గాలపు కర్ర సంచీ మీదికి పోయింది.

గట్టున కూర్చున్న పెద్దాయన ఒకరు అది గమనించేడు. కోప్పడలేదు. ఏటి మధ్యనున్న రాళ్ళ వరస చూపించి, ''అవేటో తెలుసా బాబూ?'' అని అడిగేడు. పూర్వం ఎడ్లమీద సరుకు వేసుకుని వచ్చిన బ్రింజారీ వర్తకుడొకడు ఈ మడుగులో చేపను పట్టి కూర వండుకున్నాడట. చేపలరాజు శపించేడట. వర్తకుడూ, ఎడ్లూ, బస్తాలూ అన్నీ అలాగే రాళ్ళయిపోయాయట.

''అయితే మిగతా ఏట్లో పట్టుకోవచ్చా తాతా?'' అన్నాడు మావాడు.

''తింటాం కదా బాబూ, పడతాం. ఈ గుండంలో మాత్రం పట్టం. అన్నీ తినేస్తే మళ్ళీ ఎక్కణ్ణించి వస్తాయి?'' అన్నాడాయన.

ఆ మాట నాకు తీర్థప్రసాదంలా తోచింది. ఏట్లో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలను చంపరాదని 1897లోనే చట్టం వచ్చింది. చట్టానికి పోలీసు కావాలి, కోర్టు కావాలి. ఇక్కడ ఒక కథా, నాలుగు రాళ్ళూ ఆ పని చేస్తున్నాయి. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం మొదలయింది. దానికోసం కట్టిన జలాపుట్ నీటి కింద ఎన్నో గిరిజన పల్లెలు మునిగిపోయాయి. ఏరు ఇంత మారినా ఈ మడుగులో చేప బెదరకుండా పైకి వస్తూనే వుంది.

పాడేరు పోతూ దారిలో జలాపుట్ మాట మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే ఎత్తేను. జపానువాళ్ళకు ఈ బాస్ సంగతి బాగా తెలుసు. 1925లో అమెరికానించి తెచ్చి ఆషీ సరస్సులో వదిలేరు. క్రమంగా అది దేశమంతా పాకింది. 2009లో బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన పెర్రీ చేప కంటె రవ్వంత బరువైనదాన్ని పట్టేడు. తేడా రెండు ఔన్సులైనా లేదు గనుక ఇద్దరినీ సమానులన్నారు. కాని అదే బాస్ అక్కడి దేశవాళీ చేపలను మింగేస్తోందని 2005లోనే జపాను ప్రభుత్వం దాన్ని పెంచడం, తరలించడం, నీళ్ళలో వదలడం నిషేధించింది. అంతదూరం యెందుకు? ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన దేశం 2000లో నిషేధించింది. ఇప్పటికీ అది దొంగచాటుగా చెరువుల్లో తేలుతూనే వుంది. కర్రచేపను విసిరితే రీలు తిప్పి వెనక్కి లాక్కోవచ్చు. బతికిన చేపను విసిరితే లాగే రీలు లేదు.

మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. ''అవును బావా. ఆ పెద్దోరు విసిరేముందే లెక్క చూసుకున్నారు'' అన్నాడు చివరికి.

పాడేరులో మోదకొండమ్మ తల్లికి దండం పెట్టుకుని ఘాటీ దిగేము. కింద మాడుగుల. మనకు మాడుగుల అంటే హల్వా. కాని ఆ జమీందారులు తాము మత్స్యదేశపు రాజుల వంశంవారమని చెప్పుకునేవారు. చేప ఆకారపు రాతి సింహాసనంమీద పట్టాభిషేకం, జెండామీద చేప, చేవ్రాలుకు బదులు చేప బొమ్మ. మత్స్యగుండానికి రక్షకులు కూడా వాళ్ళే.

ఆ చుట్టుపక్కల ఒక చెరువు పాడుకున్న ఆసామి, మా స్నేహితుడి ద్వారా, గాలం వేసుకోమని ముందే ఒప్పుకున్నాడు. మా బావమరిది మొహం వికసించింది. ఇక్కడి రాజు కొర్రమీను. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది దీన్నే. మొప్పలతోబాటు గాలి కూడా పీల్చే చేప; గుటక వెయ్యడానికి పైకి రాక తప్పదు. మనవాళ్ళు దీనికి కప్పను ఎరవేస్తారు. అతను పెట్టెలోంచి రబ్బరు కప్పను తీసేడు.

నాచు పక్కన నీళ్ళమీద ఎర్రగా, దోసెడు కుంకుమ చల్లినట్టు, ఏదో కదులుతోంది. కొర్రమీను పిల్లలు. వాటి అడుగున తల్లో తండ్రో కాపలా వుంటుంది. మా బావమరిది కప్పను సరిగ్గా వాటి పక్కన పడేలా విసిరేడు. కొట్టు చప్పుడు గట్టుదాకా వినబడింది. కర్ర వంగింది. పిల్లలు కేరింతలు కొట్టేరు. రెండు నిమిషాల్లో మూరెడు కొర్రమీను ఒడ్డున పడింది.

ఆసామి దగ్గరికి వచ్చి తీరిగ్గా అన్నాడు: ''బాబూ, మీరు ఆకలితో వున్న చేపను పట్టలేదు. పిల్లల జోలికి కప్ప వచ్చిందని కొట్టింది. దీన్ని తీసేస్తే ఆ మందంతా సాయంత్రానికి మిగతా చేపల పాలు.''

అందరం నీళ్ళవంక చూసేము. ఎర్రటి మరక అలాగే గుండ్రంగా తిరుగుతోంది. మా ఆవిడ, ''ఒరే, పిల్లల తల్లిరా'' అంది మెల్లిగా. మా బావమరిది మోకాళ్ళమీద కూర్చుని, చెయ్యి తడుపుకుని, ముల్లు జాగ్రత్తగా ఊడదీసి, చేపను నీళ్ళలో పట్టుకుని వదిలేడు. అది ఒక్క క్షణం నిలబడి, నేరుగా పిల్లల కిందికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత చీకటి పడేదాకా చెరువు అవతలి మూల, పిల్లలు లేని చోట, ఆ పెద్ద కర్రచేపనే విసిరేడు. ఒక్కటీ పడలేదు. అయినా ఈలవేసుకుంటూ వచ్చేడు.

మత్స్యగుండం వెళ్ళదలచిన పాఠకులకు రెండు మాటలు. వానలు తగ్గేక, చలి ముదరకముందు వెళ్ళండి. బండలు జారుడు, పిల్లల చెయ్యి వదలకండి. గాలం ఇంటిదగ్గర వుంచి, మరమరాలు ఒక పొట్లం పట్టుకువెళ్ళండి. పొట్లం కట్టిన కాగితం మాత్రం ఏట్లో పడెయ్యకుండా జేబులో పెట్టుకుని రండి.