సున్నా అని నమ్మిన చోటు

మా బృందం ఏవీఆర్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ కోసం కంపైలర్‌ను తయారుచేస్తున్న రోజులవి. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. దానిని రాయడం ఇతరుల పని. పరీక్షించడం నా పని. రాసినవారికి దక్కే గౌరవం పరీక్షించేవారికి దక్కదన్న చిన్న అసంతృప్తి నాలో ఉండేది.

నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థుల ఆలోచనగా ఏవీఆర్ పుట్టింది. ఆర్డుఇనో ఊనో బోర్డు మీద కనిపించే ఏటీమెగా 328పీ చిప్ ఆ కుటుంబానిదే. దానిలో తాత్కాలిక మెమరీ 2 కిలోబైట్లు మాత్రమే. లెక్కలు జరిగే చోటు మరీ ఇరుకు: ఒక్కొక్కటి 8 బిట్ల రిజిస్టర్లు 32. అవీ సమానమైనవి కావు. స్థిరసంఖ్యను నేరుగా స్వీకరించగలిగేవి 16 నుండి 31 వరకు ఉన్నవే. మెమరీ చిరునామాలను మోయగలిగేవి మూడు జతలే. ఏ క్షణాన ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉండాలో, చోటు చాలనప్పుడు దేనిని మెమరీకి పంపాలో కంపైలరే నిర్ణయించాలి. 1981లో ఐ.బి.ఎం.కు చెందిన గ్రెగరీ చైటిన్ బృందం ఈ సమస్యను రంగులు వేసే లెక్కగా మార్చి చూపింది. ఒకే సమయంలో అవసరమయ్యే రెండు విలువలకు ఒకే రంగు పడరాదు, రంగులే రిజిస్టర్లు.

ప్రసిద్ధమైన జీసీసీ కంపైలర్ పాటించే ఒక సంప్రదాయాన్ని మేమూ స్వీకరించాము. 1వ రిజిస్టర్‌లో ఎల్లప్పుడూ సున్నా ఉండాలి. అయితే ఈ చిప్‌లో గుణకార ఫలితం 0, 1 రిజిస్టర్లలోనే వచ్చి పడుతుంది. కాబట్టి గుణించిన వెంటనే ఫలితాన్ని వేరే చోటికి తరలించి, 1వ రిజిస్టర్‌ను మళ్ళీ సున్నా చేయాలి.

రిజిస్టర్లు చాలనన్ని చరరాశులతో వేలాది చిన్న ప్రోగ్రాములు రాశాను. వాటిని సిమ్యులేటర్‌లోనూ, బల్ల మీది కంప్యూటర్‌లోనూ నడిపి జవాబులు పోల్చాను. అన్నీ సరిపోయాయి. ఆ ఫలితాల పట్టికను చూసి మురిసిపోయాను కూడా.

అప్పుడే కొత్తగా చేరిన ఒక అమ్మాయి తన ప్రోగ్రాములో మొత్తం ఉన్నట్టుండి పెరిగిపోతున్నదని చెప్పింది. "తప్పు నీ ప్రోగ్రాములోనే ఉంటుందమ్మా, మరోసారి చూసుకో" అన్నాను. మూడు రోజుల తరువాత ఒక కాగితంతో వచ్చింది. "సార్, పెరిగేది ప్రతిసారీ 768 మాత్రమే. నా పొరపాటయితే ఇంత క్రమంగా ఉంటుందా?"

768 అంటే మూడు 256లు. నాకు మాట రాలేదు.

ఆమె ప్రోగ్రాము 200కు అటూ ఇటూగా ఉండే ఒక విలువను 4తో గుణిస్తుంది. 200ను 4తో గుణిస్తే 800. అంటే పై బైటులో 3, కింది బైటులో 32. ఆ 3 చేరేది 1వ రిజిస్టర్‌లోనే. దానిని సున్నా చేసేలోపు ఇంటరప్ట్ వస్తే, చిప్ చేతిలోని పని ఆపి మరో చిన్న భాగాన్ని నడుపుతుంది. ఆ భాగం 8 బిట్ల కొలతను 16 బిట్ల మొత్తానికి కలుపుతూ, పై బైటుకు సున్నాను కలపబోయి 3ను కలిపింది! ఇంటరప్ట్ భాగం తాను మార్చే రిజిస్టర్లను మాత్రమే మా కంపైలర్ భద్రపరిచేది. 1వ రిజిస్టర్‌ను అది మార్చదు, చదువుతుందంతే. అందుకే ఆ జాబితాలోకి ఎక్కలేదు.

నా వేలాది పరీక్షలలో ఒక్కదానిలోనూ ఇంటరప్ట్ లేదు.

ఆ రాత్రి కొత్త పరీక్ష రాశాను. ఆమె ప్రోగ్రామునే తీసుకొని, ఒక్కొక్క ఆదేశం ముగిసిన చోట ఇంటరప్ట్ తెప్పిస్తూ మళ్ళీ మళ్ళీ నడిపాను. రెండే రెండు చోట్ల జవాబు తప్పింది: గుణించిన తరువాత, ఫలితం తరలించిన తరువాత. సవరణ కొద్ది పంక్తులే. ఇంటరప్ట్ భాగం మొదట్లో 1వ రిజిస్టర్‌ను దాచి సున్నా చేయాలి, చివర పాత విలువను తిరిగి ఉంచాలి.

మరునాడు ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆ పరీక్షకు 768 అని పేరు పెట్టానన్నాను. ఆమె నవ్వి, "నా మూడు రోజులు కూడా అందులోనే ఉన్నాయి సార్" అన్నది.