దాదీమా బొంత

మా దాదీమా ఇంతెఖాల్ అయి చాలీస్వా కూడా కాలేదు, మానో బొచ్చు ఊడుడు మొదలైంది.

మానో మా మక్తల్ ఇంటి పిల్లి. తొమ్మిదేండ్ల సంది దాదీమా పక్కలనే పండేది. ఫజర్‌కు దాదీమా బద్నాతోని వజూ చేస్తుంటే ఇది దాలాన్ గడప మీద కూసొని ముందుకాలు నాకి మొహం తుడుచుకునేది. “సూడు బేటీ, మానో గూడ వజూ చేస్తుంది” అని నవ్వేది దాదీమా.

పిల్లి నాకుడు మామూలే. దాని నాలుక మీద సన్న ముండ్లు ఉంటయి. పిల్లి నాకినప్పుడు మన చెయ్యి గీరుకుపోయేది అందుకే. ఆ ముండ్ల కొనల దగ్గర దోనె తీరు బోలుగ ఉంటదని, ఉమ్మిని అందులో పట్టుకొని బొచ్చు లోపలి దాక తీస్కపోతదని అమెరికాల జార్జియా టెక్ శాస్త్రవేత్తలు 2018ల చెప్పిండ్రు. దువ్వెన, నీళ్లు రెండూ అదే. కానీ మానో నాకుడు ఇప్పుడు సఫాయీ లెక్క లేదు. అన్నం తినుకుంట ఆగి నాకేది, నిద్రల ఉలిక్కిపడి లేచి నాకేది. కొన్ని దినాలకు పొట్ట కింద, తొడల లోపల, తోక మొదట్ల గులాబీ రంగు తోలు కనవడ్డది.

“అమ్మ కోసం గమ్ చేస్తుంది పాపం” అన్నది ఫుప్పూ. అమ్మీ కండ్లు తుడుచుకున్నది. నేను ఫోన్ల సూస్తే, మనసుల పరేషానీ ఉన్నా పిల్లులు ఇట్ల నాకుతయని ఉన్నది. ఇగ అందరం మాన్లిచ్చినం. నిజం చెప్పాలంటే ఆ మాట మాకు తసల్లీ ఇచ్చింది. దాదీమా కోసం మాకంటే ఎక్కువ ఏడ్చేటోళ్లు ఇంట్ల ఇంకొకరు ఉన్నరని. అందుకే ఇలాజ్ గురించి ఎవ్వరం సోంచాయించలే. గమ్‌కు దవా ఏముంటది?

పక్కింటామె కిరసనాయిలు రాయమన్నది. సీసా తెచ్చిన గూడ. కానీ రాస్తే మల్ల అదే నాకుతది కద, కడుపులకు పోతది కద అని ఆగిపోయిన. ఆ సోంచే మానోను బచాయించింది.

ఆఖరికి బుట్టల కూసోబెట్టి, పైన దుపట్టా కట్టి డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. బర్రెలు, మేకల నడుమ పిల్లిని తెచ్చింది నేనొక్కదాన్నే. సిగ్గయింది.

డాక్టర్ బోడి జాగ మీద వేలు ఎదురు రాసిండు. “బొచ్చు దానంతటదే ఊడితే నున్నగ ఉంటదమ్మా. ఇది గరుకుగ ఉంది. అంటే నాకి నాకి తెంపింది. దురద ఉన్నది.” పేన్ల దువ్వెనతోని తోక మొదట్ల దువ్వితే నల్లటి నలుసులు రాలినయి. తడి దూది మీద ఏస్తే ఎర్రగ కారినయి. పిస్సూలు తాగి విడిచిన నెత్తురు అది.

“ఒక్క పిస్సూ గూడ కనవడలే సాబ్.”

“ఎట్ల కనవడ్తయి? నాకినప్పుడు అదే మింగుతది. కొన్ని పిల్లులకు పిస్సూ ఉమ్మి పడదు. రెండు మూడు కుట్టినా చాలు, ఒళ్లంత దురదే.”

మెడ వెనుక, నాలుక అందని కాడ ఏసే చుక్కల మందు రాసిండు. బరువు సూసి, పిల్లులకని రాసున్నదే తెమ్మన్నడు. కుక్కల మందులల్ల పెర్మెత్రిన్ ఉంటదట, అది పిల్లికి జహర్. నొప్పికని పారాసిటమాల్ ఇస్తే గూడ పానం పోతది. ఫినాయిల్‌తోని కడుగుడు గూడ వద్దన్నడు.

తర్వాత అడిగిండు: “ఇది ఎక్కడ పండుతది?”

నాకు నోరు పెగల్లేదు. దాదీమా బొంత మీద.

ఆ బొంతను మేం ఉతకలే. దాదీమా పాత చీరలు తనే కుట్టుకున్నది. అత్తర్, పాన్, ఆమె తలకు రాసే కొబ్బరినూనె, అన్నీ కలిసిన ఖుష్బూ ఉండె దాంట్ల. అమ్మీ మగ్రిబ్ తర్వాత దాని పక్కన కూసునేది. పిస్సూ గుడ్లు పిల్లి మీద నిలవయట, అది పండే జాగల రాలి అక్కడనే పురుగులై, గూడు కట్టుకొని, మల్ల పిల్లి మీదికి ఎక్కుతయట. పిల్లికి మందేసి పక్క ఉతక్కపోతే ఫాయిదా లేదు.

అమ్మీకి చెప్తే మూడు దినాలు మాట్లాడలే. నాలుగో దినం తనే పొయ్యి మీద దేగ్చల నీళ్లు కాగబెట్టింది. బొంత ముంచితే నీళ్లు నల్లగైనయి. పిండుకుంట అమ్మీ ఏడ్చింది. మిద్దె మీద ఎండల ఆరేసినంక ముక్కు దగ్గర పెట్టుకొని సూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి నేను ఇంకో సంగతి చదివిన. గమ్‌తోని నాకుతున్నయని అనుకున్న 21 పిల్లులను మంచిగ పరీక్ష చేసిండ్రట. ఆ తహ్‌కీక్ 2006ల అచ్చయింది. 16 పిల్లులకు ఒంట్ల బీమారీనే ఉన్నది. మూడింటికి రెండూ ఉన్నయి. ఒట్టి మనసు తక్లీఫ్ ఉన్నయి రెండే. తిండి పడకపోయినా నాకుతయి. మూత్రాశయం నొప్పి ఉంటే పొట్ట కింద నాకుతయి. గజ్జి పురుగైనా, తామరైనా బొచ్చు పోతది. తామర పిల్లలకు గూడ అంటుతది.

మానో బేజుబాన్. దాని నాలుక చెప్పింది ఒకటి, మేం విన్నది ఇంకొకటి. మా గమ్‌ను దాని మీద కప్పి, దాని దురదను సూడలే. ఆ గునా మాదే.

నెలకోసారి మందు, వారానికోసారి బొంత ఉతుకుడు, మూడు నెలలు నడిచింది. పొట్ట మీద మెత్తటి బొచ్చు తిరిగొచ్చింది. ఫజర్‌కు ఇంకా గడప మీద కూసుంటది, దాదీమా బద్నా పెట్టే దిక్కు సూస్తది. దాని దిల్‌ల ఏమున్నదో అల్లాకే ఎరుక. కానీ ఇప్పుడు అది కాలు నాకితే అమ్మీ ముందుగాల పేన్ల దువ్వెన అందుకుంటది.